కాటన్‌వుడ్ ఫాల్స్: 851 మంది ఉన్న జిల్లా కేంద్రం

గురువారం సాయంత్రం, ఎంపోరియా దాటాక

నాన్న ఇండియా నుంచి వచ్చి నెల దాటింది. గుడి, మాల్స్, కాస్ట్‌కో అన్నీ చూపించేశాం. ఆయన ప్రకాశం జిల్లాలో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. "ఇక్కడ తాలూకాఫీసు ఎట్లా ఉంటుందో చూపించు తల్లీ" అని అడిగారు. కాన్సస్ రాష్ట్రంలో మేముండే ఓవర్‌ల్యాండ్ పార్క్ జాన్సన్ కౌంటీ కిందికి వస్తుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆఫీసులు ఒలేతాలో ఉన్నాయి. ఆరు లక్షల జనాభా ఉన్న కౌంటీ కాబట్టి కోర్టు కూడా 2021లో తెరిచిన పెద్ద కొత్త భవనం. నాన్న చూడాలనుకున్నది అది కాదని నాకు తెలుసు. దస్తావేజుల పుస్తకాలు ఇంకా బీరువాల్లో ఉండే చోటు కావాలి ఆయనకు. అందుకని చేజ్ కౌంటీ ఎంచుకున్నాను. దాని కేంద్రం కాటన్‌వుడ్ ఫాల్స్.

అమ్మకు మేం వెళ్ళడం ఇష్టం లేదు. 2017లో ఒలేతాలోనే మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపారు. ఆ వార్త ఒంగోల్లో టీవీలో రోజుల తరబడి చూసిన మనిషి ఆమె. "ఊళ్ళోనే అట్లా జరిగితే, ఎవరూ లేని పల్లెలకు ఎందుకమ్మా?" అంది. ఆ భయం నాకూ లేకపోలేదు. చీకటి పడకముందే చేరేలా బయల్దేరాం.

ఐ-35 మీద ఎంపోరియా దాకా వెళ్ళి అక్కడ యూఎస్-50 ఎక్కితే ఇరవై మైళ్ళకు స్ట్రాంగ్ సిటీ వస్తుంది. అక్కణ్ణుంచి దక్షిణానికి తిరిగి కాటన్‌వుడ్ నది దాటితే కాటన్‌వుడ్ ఫాల్స్. ఎంపోరియా దాకా మొక్కజొన్న, సోయా చేలు. ఆ తరువాత చేలు పలచబడి ఏటి పక్కన పల్లంలో మాత్రమే మిగిలాయి. గట్టు మీద అంతా గడ్డి. అక్టోబరు మొదటి వారం కావడంతో ఇటుక రంగు తిరిగి ఉంది. ఇల్లు లేదు, చెట్టు లేదు, స్తంభాలు కూడా తక్కువే. "ఈ భూమి ఎవరూ సాగు చెయ్యట్లేదేం?" అని నాన్న రెండుసార్లు అడిగారు. జవాబు శనివారం దాకా దొరకలేదు.

ఊళ్ళోకి రాగానే బ్రాడ్‌వే అనే ఇటుకల రోడ్డు, దానికి దక్షిణపు కొసన కోర్టు హౌస్. తెల్లటి సున్నపురాయి గోడలు, ఎర్రటి వాలు కప్పు, పైన గడియారం. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా అది కనబడుతుంది. ఒక పాత ఇంట్లో పై గది రాత్రికి 110 డాలర్లకు దొరికింది. ఆ ఇంటావిడ తాళం ఎట్లా వేయాలో చూపించి, "మేమెవరం వేయం, మీ ఇష్టం" అంది. నాన్న వేశారు.

శుక్రవారం, కోర్టు హౌస్

ఎనిమిదింటికే బ్రాడ్‌వే మీద కేఫ్‌లో కూర్చున్నాం. ఇది పశువుల దేశం కాబట్టి మెనూలో గొడ్డుమాంసం లేని పదార్థం వెతుక్కోవాలి. నాన్న కోడి తింటారు గానీ పెద్దమాంసం ముట్టరు. వడ్డించే పెద్దావిడకు విషయం చెబితే, గ్రేవీలో పంది సాసేజ్ ఉంటుందని తనే హెచ్చరించి, వట్టి బిస్కెట్లు, గుడ్లు, హాష్ బ్రౌన్స్ తెచ్చింది. బిస్కెట్లంటే మన బిస్కెట్లు కావు, వెన్న వేసి కాల్చిన మెత్తటి రొట్టెలు. నాన్న బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసి గుడ్ల మీద చల్లుకున్నారు. పక్క బల్ల దగ్గర టోపీలు పెట్టుకున్న నలుగురు ముసలి రైతులు అదేమిటని అడిగారు. ఒకాయన వేలికొసన అద్దుకుని రుచి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకొంచెం అడిగాడు. ఇద్దరికీ టిప్పుతో కలిపి 27 డాలర్లయింది.

తొమ్మిదింటికి కోర్టు హౌస్‌కు వెళ్ళాం. 1873లో పూర్తయిన కట్టడం ఇది. కాన్సస్‌లో నేటికీ వాడుకలో ఉన్న కోర్టు హౌసుల్లో ఇదే పాతది. టొపీకాలోని రాష్ట్ర శాసనసభ భవనం రూపశిల్పుల్లో ఒకడైన జాన్ జి. హాస్కెల్ దీనికి ప్లాను గీశాడు. అప్పట్లో 42 వేల డాలర్ల పైచిలుకు ఖర్చయింది. రాయి ఇక్కడి క్వారీలదే. లోపల మూడంతస్తుల మెలికల మెట్లు నల్ల వాల్‌నట్ చెక్కతో చేశారు, ఆ చెట్లు ఈ నది ఒడ్డున పెరిగినవే. నూట యాభై ఏళ్ళుగా చేతులు రాసుకుని రెయిలింగు నునుపుదేలింది. నాన్న దాన్ని అరచేత్తో తడుముతూ ఒక్కో మెట్టూ ఎక్కారు. పై అంతస్తులో కోర్టు హాలు, దాని పక్కన పాత జైలు గది. ఖైదీలు గోడల మీద రాసుకున్న పేర్లు, గీతలు ఇంకా ఉన్నాయి.

ఆయన కోరుకున్నది మాత్రం రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసు. ఆ గదిలో ఒక్కావిడే పనిచేస్తోంది. మా నాన్న ఇండియాలో భూమి రికార్డుల ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశారు, మీ పుస్తకాలు ఒకసారి చూడొచ్చా అని అడిగాను. ఇవి ఎవరైనా చూడొచ్చు, అర్జీ అక్కర్లేదు అని ఆవిడ లేచి ఒక పెద్ద పుస్తకం బల్ల మీద పెట్టింది. కాన్వాసు అట్ట, తోలు అంచులు, లోపల ఇంకుతో వాలుగా రాసిన దస్తూరి. నాన్న కళ్ళజోడు మార్చుకున్నారు. ఆ పేజీని ఆయన ముందు చదవలేదు. కాగితం అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశారు, చెదలు తిన్నదా లేదా అని.

"సర్వే నంబరు ఎక్కడుంది?" అన్నారు. ఆవిడ గోడ మీది పటం దగ్గరికి తీసుకెళ్ళింది. నేల మొత్తాన్ని ఆరు మైళ్ళ చదరాలుగా కోస్తారు, దాని పేరు టౌన్‌షిప్. అందులో మైలుకు మైలు చొప్పున 36 సెక్షన్లు. సెక్షన్‌కు 640 ఎకరాలు, అందులో పావు భాగం 160 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కో కుటుంబానికి ఇచ్చింది ఆ పావు సెక్షనే. వాగు అడ్డొచ్చినా, గుట్ట అడ్డొచ్చినా గీత గీతే. మన ఎఫ్ఎంబీలో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, ఒక్కో గెట్టు ఒక్కో వంకర తిరుగుతుంది. ఆ వంకరల తగాదాల మీద ఉద్యోగమంతా గడిపిన మనిషి కావడంతో ఆ పటం ముందు చాలాసేపు నిలబడిపోయారు. "ముందు గీత గీసి తర్వాత మనుషుల్ని దింపారు. మన దగ్గర ముందు మనుషులున్నారు" అన్నారు.

ఆ మాట సగమే నిజమని అక్కడే తేలింది. ఇక్కడా ముందు మనుషులున్నారు. ఈ గడ్డి నేలలు కాన్సా జాతివి, కా అని కూడా అంటారు. రాష్ట్రం పేరు వాళ్ళ పేరే. ఇక్కడికి ఉత్తరాన కౌన్సిల్ గ్రోవ్ దగ్గర చివరగా మిగిలిన వాళ్ళ భూమి నుంచి కూడా వాళ్ళను ఇప్పటి ఓక్లహోమాలోకి తరలించింది 1873లో. కోర్టు హౌస్ పూర్తయిన సంవత్సరం అదే. రెండు తేదీలు నేను చెబితే నాన్న పుస్తకం వైపు మళ్ళీ చూసి, "అయితే ఇందులో మొదటి పేజీకి ముందు పేజీలు లేవన్నమాట" అన్నారు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్న ఆవిడకు విచిత్రంగా తోచింది: మీ పై అధికారి ఎవరు? ఆవిడ ఎన్నికైన మనిషి. కాన్సస్‌లో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, కౌంటీ క్లర్క్, ట్రెజరర్, షరీఫ్ అందరినీ ఓటేసి ఎన్నుకుంటారు. కౌంటీ పాలన చూసేది ముగ్గురు కమిషనర్లు, వాళ్ళూ ఎన్నికైనవాళ్ళే. సబ్ రిజిస్ట్రారు ఇంటింటికీ తిరిగి ఓట్లడగడం నాన్న ఊహకు అందలేదు. "ఓట్లడగను. నా పని ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు కదా" అంది ఆవిడ.

ఇంతకీ ఆ అందరూ ఎంతమంది? 2020 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తం 2,572 మంది. అందులో ఈ ఊళ్ళో 851, పక్కనున్న స్ట్రాంగ్ సిటీలో 386. మిగతావాళ్ళు ర్యాంచుల్లో (పశువులు మేపే పెద్ద కమతాల్లో), ఏటి పక్క పొలాల్లో, చిన్న చిన్న పల్లెల్లో ఉన్నారు. విస్తీర్ణం చూస్తే 778 చదరపు మైళ్ళు, అంటే రెండు వేల చదరపు కిలోమీటర్ల పైనే. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు. అట్లాంటివి తొమ్మిది పట్టే చోట మా అపార్ట్‌మెంట్ల కాలనీలో ఉండేంత మంది ఉంటున్నారు. ఆంధ్రలో చదరపు కిలోమీటరుకు 300 మంది పైన ఉంటే ఇక్కడ ఒకరికి కాస్త ఎక్కువ. 1900లో 8,246 మంది ఉండేవాళ్ళు. అప్పటి నుంచి దాదాపు ప్రతి లెక్కలోనూ తగ్గుతూ వచ్చింది. 2010కీ 2020కీ మధ్యే రెండు వందల మందికి పైగా తగ్గారు.

ఇంత కొద్దిమందికి ఒక కోర్టు, ఒక ట్రెజరీ, ఒక షరీఫ్ ఎందుకు, పక్క కౌంటీలో కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని నేనడిగాను. కాన్సస్‌లో 105 కౌంటీలున్నాయి. గుర్రబ్బండి మీద బయల్దేరిన రైతు కేంద్రానికి వెళ్ళి పని చూసుకుని పొద్దుగూకేలోపు ఇంటికి చేరాలన్న కాలం నాటి లెక్క అది. ఇప్పుడు కారులో ఎంపోరియా అరగంటే. ఆవిడ కోప్పడలేదు. "ఆఫీసు పోతే వకీలు పోతాడు, వారపత్రిక పోతుంది, మీరు పొద్దున తిన్న కేఫ్ పోతుంది. స్కూలు ఎన్నాళ్ళుంటుంది?" అంది. నాన్న నా వైపు తిరిగి, "మార్కాపురం వాళ్ళు జిల్లా జిల్లా అని అన్నేళ్ళు ఎందుకు కూర్చున్నారనుకున్నావు?" అన్నారు. తనకు ఆమె ఇంగ్లీషు పూర్తిగా అందకపోయినా విషయం అందింది.

శుక్రవారం రాత్రి, బ్రాడ్‌వే

శుక్రవారాల్లో ఇక్కడ పాటలుంటాయి. ఎవరి గిటారు వాళ్ళు, ఎవరి ఫిడేలు వాళ్ళు తెచ్చుకుంటారు, టికెట్టు లేదు. జనం ఇళ్ళనుంచి మడత కుర్చీలు పట్టుకొచ్చారు. మాకు కుర్చీలు లేవని చూసి ఒక కుర్రాడు తన పికప్ వెనకనుంచి రెండు తీసి వేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఒక ముసలామె నాన్న పక్కన కూర్చుని తన ముగ్గురు పిల్లలు ఎక్కడెక్కడున్నారో చెప్పింది: విచిటా, డల్లాస్, డెన్వర్. నాన్న తన ఇద్దరి సంగతీ చెప్పారు: బెంగళూరు, ఓవర్‌ల్యాండ్ పార్క్. ఆ తరువాత వాళ్ళిద్దరికీ నా తర్జుమా అవసరం పడలేదు.

రాత్రి అమ్మకు వీడియో కాల్ చేసి ఆ కుర్చీలు చూపించాం.

శనివారం, గడ్డి

ఊరికి ఉత్తరాన కాస్త దూరంలోనే టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత గడ్డి నేల. 1996లో ఏర్పడింది, 10,894 ఎకరాలు, ప్రవేశం ఉచితం. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో 17 కోట్ల ఎకరాల్లో ఉన్న ఈ పొడుగు గడ్డి ఇప్పుడు నాలుగు శాతం కూడా మిగల్లేదు. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఫ్లింట్ హిల్స్ అనే ఈ గుట్టల్లోనే ఉంది. ఎందుకో నాన్నే కనిపెట్టారు. బాట పక్కన వాన కోసిన గండి ఒకటి ఉంటే అందులోకి దిగి చేత్తో మట్టి గీరారు. జానెడు మట్టి, ఆ కింద పొరలు పొరలుగా సున్నపురాయి, మధ్యలో చెకుముకి రాళ్ళు. అంచు కత్తిలా ఉంది. "దీంట్లో నాగలి దిగదు. కర్రు విరుగుద్ది" అన్నారు.

అదీ సంగతి. అయోవా, ఇల్లినాయిలలో ఇదే గడ్డిని దున్ని మొక్కజొన్న వేసేశారు. ఇక్కడ రాయి దున్ననివ్వలేదు, అందుకని గడ్డి మిగిలింది, పశువులు వచ్చాయి. వంద ఎకరాల మాగాణి వంద కుటుంబాలకు పని చూపిస్తుంది, వెయ్యి ఎకరాల మేత బీడుకు గుర్రం మీద ఇద్దరు చాలు. 160 ఎకరాల పావు సెక్షనుతో ఈ గుట్టల మీద సంసారం గడవదు. అమ్ముకుని వెళ్ళినవాళ్ళ ముక్కలన్నీ కలిసి పెద్ద ర్యాంచులయ్యాయి. నిన్న కోర్టు హౌస్‌లో చూసిన అంకెలకు కారణం ఆ గండిలో జానెడు లోతున ఉంది. జనం పోవడానికి సోమరితనమో, పట్నం మోజో కారణమని చాలామంది అంటారు. నేనది ఒప్పుకోను.

బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి కొన్ని చోట్ల నా తల దాటి ఉంది. కంకి మూడు పాయలుగా చీలి కోడికాలి వేళ్ళలా కనబడుతుంది. దాని వేళ్ళు పదడుగుల లోతుకు పైగా రాళ్ళ సందుల్లోకి దిగుతాయట. అందుకే ఏటా వసంతంలో తగలబెట్టినా మళ్ళీ లేస్తుంది. నిజానికి ఆ మంట లేకపోతే చెట్లు కమ్మేసి ఇది అడవి అయిపోతుంది.

బైసన్ల (అమెరికా అడవిదున్నల) మందను దూరం నుంచే చూశాం. వంద గజాల లోపలికి పోవద్దని బోర్డులున్నాయి. 2009లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ నుంచి తెచ్చి వదిలిన వాటి సంతతి ఇది. ప్రిజర్వ్‌లోనే 1880ల మొదట్లో స్టీఫెన్ జోన్స్ అనే పశువుల ఆసామి కట్టుకున్న రాతి ఇల్లు, మూడంతస్తుల కొట్టం ఉన్నాయి. ఆ కొట్టం మన మండలాఫీసు కన్నా పెద్దది. గుట్ట మీద 1882 నాటి ఒంటిగది బడి కూడా ఉంది. బెంచీలు చూస్తే పాతికమంది పిల్లలు పట్టరు. ఇప్పుడు కౌంటీ పిల్లలంతా ఒకే స్కూలు డిస్ట్రిక్టు, చిన్నవాళ్ళు స్ట్రాంగ్ సిటీలో, పెద్దవాళ్ళు కాటన్‌వుడ్ ఫాల్స్‌లో చదువుతారు.

శనివారం మధ్యాహ్నం, కంకర రోడ్లు

పులిహోర కారులోనే తిని దక్షిణానికి బజార్ అనే పల్లె వైపు వెళ్ళాం. 1931 మార్చి 31న విమానం కూలి నోటర్‌డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ నూట్ రాక్నీతో సహా ఎనిమిదిమంది చనిపోయింది ఈ దగ్గరే. చెక్క రెక్కల విమానాల కాలం ముగియడానికి ఆ ప్రమాదం ఒక కారణమైంది. స్మారక స్తంభం ప్రైవేటు బీట్లో ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళలేదు.

తిరిగి వస్తూ క్లెమెంట్స్ దగ్గరి రాతి వంతెన చూద్దామని ఫోన్ చెప్పిన దారి పట్టాం. అది కంకర రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి పశువులు దాటకుండా ఇనుప కమ్మీలు పరిచిన గేటు మీదికి, ఆఖరికి ఒక వాగులోకి తీసుకెళ్ళి ఆపింది. సిగ్నల్ పోయింది. టెన్షన్ మొదలైంది నాకు. పది నిమిషాలకు ఒక పికప్ వచ్చింది, దానికదే ఆగింది. దిగిన ఆయనకు యాభై ఏళ్ళుంటాయి, బూట్ల నిండా బురద. ఎక్కడికని అడిగి, నోటితో చెప్పకుండా తన బండి మా ముందు నడిపి దారి చూపించాడు, ఎనిమిది మైళ్ళు. వంతెన దగ్గర చెయ్యి ఊపి వచ్చిన దారినే వెనక్కి పోయాడు. ఇక్కడ ఎదురొచ్చే ప్రతి బండీ స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళెత్తి పలకరిస్తుంది. ఆ సాయంత్రానికి నాన్న కూడా ఎత్తడం మొదలుపెట్టారు.

వంతెన 1880ల నాటిది, రెండు కమానులు. సున్నం మరకలు తప్ప రాయి చెక్కుచెదరలేదు. ఇప్పుడు బండ్లు పోవు.

ఆదివారం, స్ట్రాంగ్ సిటీ

పొద్దున నది దగ్గర పాత మిల్లు ఆనకట్ట, 1914 కాంక్రీటు ఆర్చి వంతెన చూసుకుని స్ట్రాంగ్ సిటీకి వెళ్ళాం. ఊరికి పేరిచ్చిన విలియం స్ట్రాంగ్ శాంటా ఫే రైల్వే ప్రెసిడెంటు. కోర్టు అక్కడ, రైలు ఇక్కడ, మధ్యన నది. ఇప్పుడు ప్యాసింజరు రైలు ఆగదు. మైలు పొడుగు గూడ్సులు మాత్రం ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి.

1938 నుంచి ఏటా జూన్ మొదట్లో ఫ్లింట్ హిల్స్ రోడియో (గుర్రాల, ఎద్దుల మీద స్వారీ పోటీలు) జరిగే మైదానం ఈ ఊళ్ళోనే ఉంది. ఖాళీగా ఉంది. ఊళ్ళో ఒక గోడ మీద రోడియో ఫొటో చూసి నాన్న ఆగిపోయారు. రౌతును విసిరేస్తున్న ఆ ఎద్దుకు మూపురం ఉంది, గంగడోలు వేలాడుతోంది. "ఇది మన జాతి కదా!" అన్నారు. నిజమే. అమెరికన్ బ్రాహ్మన్ జాతిని తయారు చేసింది మన దేశం నుంచి వచ్చిన పశువులతోనే, వాటిలో ఇక్కడివాళ్ళు నెలోర్ అనే మన ఒంగోలు జాతి ఉంది. ఎండను, గోమార్లను తట్టుకుంటుందని టెక్సస్ వాళ్ళు పెంచారు. రోడియో ఎద్దుల్లో ఆ రక్తం బాగా ఉంటుంది. నాన్న తన చిన్నప్పుడు పెదనాన్న వాళ్ళ కొట్టంలో ఉన్న జత గురించి, బండలాగుడు పందేల గురించి దారి పొడుగునా చెప్పారు. ఆ ఫొటో ముందు ఆయన్ను నిలబెట్టి తీసిన ఫొటో ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతోంది.

గది, పెట్రోలు, తిండి అన్నీ కలిపి ఇద్దరికీ 460 డాలర్ల లోపే అయింది. వెళ్ళాలనుకునేవాళ్ళు శని, ఆదివారాలు చాలనుకోకండి. ఆఫీసులు తెరిచి ఉండే రోజు ఒకటి కలుపుకోండి. గడ్డి పూర్తి ఎత్తులో చూడాలంటే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట మంచిది. పెద్దమాంసం తిననివాళ్ళు పొడులు, పులిహోర వెంట తీసుకెళ్ళండి. కంకర రోడ్లెక్కే ముందు మ్యాపు ఫోన్లోకి దించుకోండి. ఏప్రిల్‌లో బీళ్ళకు నిప్పు పెట్టే రోజుల్లో మళ్ళీ వెళ్దామని నాన్న అంటున్నారు. ఇక్కడ ఉండడానికిచ్చిన గడువు ఏప్రిల్‌కు ముందే అయిపోతుంది, పొడిగింపు కాగితాలు ఈ వారమే నింపుతున్నాం.